నీచు నీళ్లు ఎవరి వాకిట్లోకి?

(తీరప్రాంత మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



చేపలు, రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీల వ్యర్థ జలాల శుద్ధి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు మొదట వెనకాడాను. నేను ఇంజనీర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. "ట్యాంకులు, పైపులు, మోటార్ల గురించి నేనేం చెబుతాను? ఎవరైనా నిపుణుణ్ణి పిలవండి" అన్నాను. ఆ తర్వాత ఆలోచిస్తే నాకే సిగ్గనిపించింది. ఇది మన విషయం కాదు, నిపుణుల విషయం అని ఆడవాళ్లని ఎన్ని చోట్ల పక్కకి నెట్టారో రాయడమే నా వృత్తి. అలాంటిది, అదే మాట నా నోట వచ్చింది. అందుకే ఒప్పుకున్నాను. తెలుసుకున్నది మీకు చెబుతాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పొరపాటు చెబితే మీరే సరిదిద్దాలి.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట గోదావరి జిల్లాల్లో రొయ్యలు ఒలిచే స్త్రీల పని పరిస్థితుల మీద పరిశోధన చేస్తూ ఒక ఊళ్లో ఉన్నాను. ఊరి పేరు, ఫ్యాక్టరీ పేరు చెప్పను. కూలి ఎంత, ఎన్ని గంటలు నిలబడతారు, మేస్త్రి ఎంత కోస్తాడు, మరుగుదొడ్డికి వెళ్లడానికి ఎవరిని అడగాలి, ఇవన్నీ రాసుకున్నాను. ఐసులోనూ క్లోరిన్ నీళ్లలోనూ నాని, తోలు ఊడిపోయిన వేళ్లకి ఫోటోలు తీసుకున్నాను. ఆఖరి రోజున, నేను అక్కా అని పిలిచే ఒక పెద్దావిడ అడిగింది: "అన్నీ రాసుకున్నారండీ. మరి మా చేతుల మీంచి పోయిన ఆ నీళ్లు ఎటు పోతన్నాయో రాసుకోరేంటండీ? మా చెల్లెలు ఆ కోడు ఒడ్డునే కాపరం ఉంటందండీ."

నా దగ్గర జవాబు లేదు. నేను చేతులు చూశాను, కూలి చూశాను, నీళ్లు చూడలేదు. కార్మిక సమస్య ఒక పుస్తకం, పర్యావరణ సమస్య ఇంకో పుస్తకం అని చదువుకున్నదాన్ని. అక్క షెడ్డులో ఉంది, చెల్లెలు కోడు ఒడ్డున ఉంది. వాళ్లిద్దరి మధ్యా పారుతున్నది ఒకే నీరు. ఈవేళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

ఆ నీళ్లలో ఏముంటుంది?

రొయ్య బరువులో సగానికి దగ్గరగా తల, పొట్టు, నరం రూపంలో తీసి పారేసేదే. చేపలయితే నెత్తురు, పేగులు, పొలుసు, జిగురు, కొవ్వు. ఇవన్నీ ప్రతి అంచెలోనూ కడగాలి. బల్లలు, నేల, ట్రేలు, చేతి తొడుగులు కూడా కడగాలి. ఈ కడుగు నీళ్లలో మాంసకృత్తులు, కొవ్వు, ఉప్పు, క్లోరిన్, కొన్నిచోట్ల రొయ్య బరువు తగ్గకుండా నానబెట్టే ఫాస్ఫేటు కూడా ఉంటాయి. "ఇందులో విషం ఏముంది? అంతా చేపే కదా" అని యాజమాన్యాలు అంటుంటాయి. అది సగం నిజం. నెత్తురూ మాంసమూ విషాలు కావు. కాలవలో పడ్డాక అవి చేసే పని మాత్రం విషం కంటే తక్కువేమీ కాదు.

నీటిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. నెత్తురు, కొవ్వు పడగానే వాటికి పండగ. తింటూ, పెరుగుతూ, నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును పీల్చేస్తాయి. ఎంత పీలుస్తాయో కొలిచే లెక్కనే బీఓడీ అంటారు. మన దేశంలో 27 డిగ్రీల వేడిలో మూడు రోజులుంచి దీన్ని కొలుస్తారు. చేపలు, రొయ్యల ఫ్యాక్టరీ నీళ్లలో బీఓడీ లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటడం వింత కాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ప్రమాణాల ప్రకారం కాలవలోకో నదిలోకో వదిలే నీటికి ఇది 30 మించకూడదు. ఆ తేడా ఎంతో చూడండి. ప్రాణవాయువు అయిపోయాక కాలవలో చేప తేలిపోతుంది. ఆ తర్వాత గాలి లేకుండా బతికే మరో రకం సూక్ష్మజీవులు పని మొదలెడతాయి. అప్పుడే నీరు నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మాంసకృత్తుల్లోని నత్రజని అమ్మోనియాగా మారుతుంది.

ఈ కంపుని రిపోర్టుల్లో "దుర్వాసన సమస్య" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఇంట్లో దాని అర్థం వేరు. కిటికీ మూసి వండుకోవడం. బట్టలు ఆరేసే చోటు మార్చుకోవడం. పిల్లలకి వాంతులయితే తుడవడం. చేతిపంపు నీళ్లు పనికిరాకపోతే బిందె పట్టుకుని ఇంకా దూరం నడవడం, లేదా ఇరవై లీటర్ల టిన్ను కొనడానికి రోజు కూలిలోంచి డబ్బు తీయడం. ఈ పనులన్నీ చేసేది ఎవరు? ఫ్యాక్టరీ తన నీళ్లని శుభ్రం చేసుకోకపోతే ఆ పని ఆగిపోదు. జీతం లేని పనిగా మారి ఊళ్లో ఆడవాళ్ల మీద పడుతుంది. యాజమాన్యానికి మిగిలిన ఖర్చు మన నడుముల మీద లెక్కకి వస్తుంది.

శుద్ధి అంటే ఏమిటి?

ఇది బ్రహ్మవిద్య కాదు. వంటింట్లో ఎంగిలి కంచాలు కడిగేవాళ్లందరికీ మొదటి సూత్రం తెలుసు: మెతుకులు, ముళ్లు ముందు చెత్తలో వేసి, ఆ తర్వాతే కంచం నీళ్లలో పెడతాం. ఫ్యాక్టరీలో కూడా అంతే. తలలు, పొట్టు నేల మీద పడేసి గొట్టంతో కాలవలోకి తోసేస్తే మురికి బాగా పెరుగుతుంది. పొడిగా ఎత్తి బుట్టల్లో వేస్తే ఆ మేరకు ట్యాంకు మీద భారం తగ్గుతుంది. పైగా ఆ పొట్టు నుంచి కైటిన్, కైటోసాన్ తీస్తారు, దాణా చేస్తారు. అది సరుకు, చెత్త కాదు.

తర్వాత జల్లెడలు. తర్వాత కొవ్వు పైకి తేలి ఆగే తొట్టి. తర్వాత ఒక పెద్ద ట్యాంకులో నీటిని నిలవచేసి సమం చేస్తారు. ఎందుకంటే లోడు వచ్చిన రోజు నీళ్లు ఒకలా ఉంటాయి, రాని రోజు ఇంకోలా ఉంటాయి. ఆ పైన పటిక లాంటివి కలిపి, సన్నని గాలి బుడగలు పంపితే మిగిలిన కొవ్వు, జిగురు తెట్టులా పైకొస్తాయి. దాన్ని తీసేస్తారు. ఆ తర్వాత అసలు పని. కాలవలో ప్రాణవాయువు తినేసే ఆ సూక్ష్మజీవుల్నే ఇక్కడ ట్యాంకులో పెంచి, బ్లోయర్లతో గాలి కొట్టి, మురికి తినిపిస్తారు. అవి బరువెక్కి అడుగుకి దిగుతాయి. పైన తేరిన నీటిని వడకట్టి వదులుతారు. అడుగున మిగిలిన బురదని ఆరబెట్టి పద్ధతిగా తరలించాలి.

మరి ఎక్కడ చెడుతోంది? మూడు చోట్ల. ఒకటి, బ్లోయర్లు రాత్రీ పగలూ తిరగాలి. దానికి కరెంటు ఖర్చు. ఆపేస్తే గంటల్లో ఆ జీవులు చచ్చిపోవడం మొదలవుతుంది. ట్యాంకు అలాగే ఉంటుంది, బోర్డు అలాగే ఉంటుంది, శుద్ధి మాత్రం ఉండదు. రెండు, క్లోరిన్. బల్లలు, నేల కడిగిన క్లోరిన్ నీళ్లు ఎక్కువ మోతాదులో నేరుగా ట్యాంకులోకి పోతే మురికి తినే జీవుల్నే చంపేస్తాయి. మీ వేళ్ల తోలు ఊడగొట్టే క్లోరిన్, అక్కడ శుద్ధిని కూడా పాడుచేస్తుంది. షెడ్డులో దాని మోతాదు సరిగ్గా ఉండాలని కార్మికురాలు అడిగితే అది తన చేతుల కోసమే కాదు, కాలవ కోసం కూడా. మూడు, బురద. అది నింపుకుని రాత్రిపూట వెళ్లే ట్యాంకరు ఎక్కడ ఖాళీ అవుతుందో ఎవరూ అడగరు.

ఇంకో మోసం కూడా ఉంది. బోరు నీళ్లు కలిపి పలచన చేస్తే పరీక్షలో లీటరుకు మిల్లీగ్రాములు తగ్గుతాయి. కాలవలో పడే మొత్తం మురికి మాత్రం తగ్గదు. అందుకే లీటరుకి ఎంత అని మాత్రమే అడిగితే చాలదు. రోజుకి ఎన్ని లీటర్లు అని కూడా అడగాలి.

వచ్చే నీళ్లకి ఒక నీతి, పోయే నీళ్లకి ఒక నీతి

1997లో యూరోపియన్ యూనియన్ పరిశుభ్రత సరిగా లేదని మన దేశపు సముద్ర ఉత్పత్తుల దిగుమతిని నిషేధించింది. అదే ఏడాది చివర అమెరికా కూడా కొత్త పరిశుభ్రతా నిబంధనలు అమల్లోకి తెచ్చింది. అప్పుడు మన ఫ్యాక్టరీలు ఏం చేశాయి? నేలకి టైల్స్ వచ్చాయి. నీళ్ల పరీక్షకి లాబొరేటరీలు వచ్చాయి. మీ తలకి టోపీ, నోటికి గుడ్డ, కాళ్లకి బూట్లు వచ్చాయి. దూరదేశపు కంచంలోకి వెళ్లే రొయ్యని కడిగే నీరు తాగే నీరంత శుభ్రంగా ఉండాలన్నారు, ఉంచారు కూడా.

దీన్నిబట్టి మనకి అర్థమయ్యేదేమిటి? డబ్బు లేక కాదు, తెలియక కాదు. కొనేవాడు తలుపు దగ్గర నిలబడి అడిగితే అన్నీ జరుగుతాయి. లోపలికి వచ్చే నీళ్ల తరఫున అడిగేవాళ్లున్నారు, బయటికి పోయే నీళ్ల తరఫున లేరు. సరుకు పరిశుభ్రత కోసం మీ గోళ్లు తనిఖీ చేస్తారు. అదే గోళ్లకి చీము పడితే తనిఖీ లేదు. మీ ఊరి కాలవకీ లేదు. ఎవరి ఆరోగ్యం లెక్కలోకి వస్తుంది, ఎవరిది రాదు అనేదే ఇక్కడ అసలు ప్రశ్న. అది సాంకేతిక ప్రశ్న కాదు, అధికారానికి సంబంధించిన ప్రశ్న.

మనం కూడా ఆత్మవిమర్శ చేసుకోవాలి. 1995లో కొచ్చిలో చేపల ప్రాసెసింగ్ మహిళా కార్మికుల పోరాటాల మీద ఒక బహిరంగ విచారణ జరిగింది. కేరళ నుంచి దూర రాష్ట్రాల ప్లాంట్లకి వలస వెళ్లిన యువతుల బతుకులు, కాంట్రాక్టు పద్ధతి, ఇరుకు గదులు అందులో ప్రధానంగా చర్చకొచ్చాయి. మహిళా ఉద్యమానికి అది గొప్ప పాఠం. 2024 మార్చిలో వెలువడిన 'హిడెన్ హార్వెస్ట్' అనే నివేదిక చదివితే, మన రాష్ట్రంలో రొయ్యలు ఒలిచే స్త్రీల పరిస్థితిలో చాలా భాగం ఇంకా అక్కడే ఉందని తెలుస్తుంది. కార్మిక హక్కుల కోసం మనం వేసిన ప్రశ్నలు సరైనవే. అయితే ఆ ప్రశ్నలు చాలాసార్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయాయి. కాలవ కోసం పోరాడేవాళ్ల ప్రశ్నలు గేటు బయటే ఆగిపోయాయి. ఆ గేటు కట్టింది యాజమాన్యం. మన ఆలోచనకి కూడా దాన్నే సరిహద్దుగా ఎందుకు ఒప్పుకోవాలి?

మొగల్తూరు, తుందుర్రు

2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో వ్యర్థ జలాల ట్యాంకు శుభ్రం చేసే పనిలో అయిదుగురు యువకులు విషవాయువుకు ఊపిరాడక చనిపోయారు. పత్రికల్లో దాన్ని ప్రమాదం అని రాశారు. ఇందాక చెప్పిన కుళ్లిన కోడిగుడ్డు కంపు గుర్తుందా? అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి ఆడని ట్యాంకు అడుగున, నెత్తురూ బురదా నిలవున్న చోట పుడుతుంది. ఉప్పునీరు కలిస్తే ఇంకా ఎక్కువ పుడుతుంది. గాలికంటే బరువైనది, అడుగునే ఉంటుంది. మోతాదు పెరిగితే ముక్కుకి వాసన పసిగట్టే శక్తే పోతుంది. కంపు పోయిందని మనిషి అనుకుంటాడు, అప్పుడే పడిపోతాడు. పడిపోయినవాణ్ణి తీయడానికి దిగినవాడు కూడా పడిపోతాడు. అందుకే లోపలి గాలి కొలవకుండా, గాలి పంపకుండా, నడుముకి తాడు కట్టి పైన మనిషిని నిలబెట్టకుండా ట్యాంకులోకి ఎవరినీ దించకూడదు. ఈ జాగ్రత్తలు కొత్తగా కనిపెట్టవలసినవి కావు.

సరిగా నడవని శుద్ధి కాలవనే కాదు, మనిషిని కూడా చంపుతుందని ఆ అయిదు చావులు చెప్పాయి. చనిపోయినవాళ్లు మగపిల్లలు. మిగిలినవాళ్లు తల్లులు, భార్యలు. నష్టపరిహారం చెక్కుతో పత్రికల్లో కథ ముగుస్తుంది. ఇంట్లో ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది.

ఆ పరిసరాల్లోనే భీమవరం దగ్గర తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి గ్రామాల ప్రజలు మెగా ఆక్వా ఫుడ్ పార్కుకి వ్యతిరేకంగా పోరాడారు. వాళ్ల భయం గొంతేరు కాలవ గురించి. తాగేదీ, పండించేదీ, చేపలు పట్టుకునేదీ ఆ చుట్టుపక్కల నీళ్లతోనే. ఆ పోరాటంలో ముందు నిలబడింది ఆడవాళ్లు. 2016లో 144వ సెక్షన్ పెట్టారు, పోలీసు పికెట్లు పెట్టారు, కేసులు పెట్టారు. ఒక మహిళ హత్యాయత్నం కేసులో వారాల తరబడి జైల్లో ఉంది. కాలవలో ఏం కలుపుతారని అడిగినందుకు మనకి దొరికే జవాబు ఇది.

ప్రతిఘటన పెరిగాక ప్రభుత్వం, వ్యర్థ జలాలు గొంతేరులో కలపం, పైపులైను వేసి సముద్రంలో కలుపుతాం అంది. చాలామందికి అది విజయంలా కనిపించింది. జాగ్రత్తగా చూడండి. కాలవలో వదిలే నీటికి బీఓడీ పరిమితి 30 అని చెప్పాను. అవే సాధారణ ప్రమాణాల్లో తీరప్రాంత సముద్రంలో వదిలే నీటికి పరిమితి 100. పైపు పొడవు పెరిగితే బాధ్యత తగ్గుతుందన్న మాట. ఆ పైపు చివర కూడా ఊళ్లున్నాయి. వేట కెళ్లే మొగుళ్లు, గంప నెత్తినెట్టుకుని చేపలమ్మే ఆడవాళ్లు ఉన్నారు. అందుకే వాళ్లు కూడా వద్దన్నారు. మా వాకిట్లోంచి తీసి చెల్లెలి వాకిట్లో పోయడం పరిష్కారం కాదు.

ఉపాధి కావాలా, నీళ్లు కావాలా?

ఈ ప్రశ్న మిమ్మల్ని తరచుగా అడుగుతారు. "మీరు గొడవ చేస్తే ప్లాంటు మూసేస్తాం, ఏం తింటారు?" అంటారు. ఊళ్లోవాళ్లు షెడ్డులో పనిచేసేవాళ్లని "మీరు వాళ్ల కూలి తిని మాట్లాడరు" అంటారు. ఆడవాళ్ల మధ్య చీలిక ఇక్కడే వస్తుంది. నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. భూమి లేని, దళిత, మత్స్యకార కుటుంబాల స్త్రీలకి ఆ కూలి ఎంత అవసరమో నాకు తెలుసు. చేల పని తగ్గి, పొలాలు చెరువులయ్యాక ఆ షెడ్డు తప్ప వేరే దారి లేకపోయినవాళ్లు ఉన్నారు. కాలవ కోసం పని మానేయమని వాళ్లకి చెప్పే హక్కు నాకు లేదు.

కానీ ఆ ప్రశ్న వేసినవాడిని ఒకటి అడగండి. ఎగుమతి సరుకు కోసం టైల్స్ వేసినప్పుడు ప్లాంటు మూతపడిందా? లాబొరేటరీ పెట్టినప్పుడు పడిందా? బ్లోయరు తిరిగితేనే మూతపడుతుందా? ఫ్యాక్టరీ అనేది నీళ్లు వాడుకుని లాభం తీసే పని. వాడుకున్న నీళ్లని శుభ్రం చేసి ఇవ్వడం ఆ పని ఖర్చులో భాగం, దానధర్మం కాదు. 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాళ్లే ఖర్చు భరించాలనీ, తమ వల్ల హాని లేదని నిరూపించుకోవలసిన భారం పరిశ్రమదేననీ చెప్పింది. మనల్ని ఆఫీసుల్లో "నిరూపించండి" అంటారు చూడండి, అది తలకిందుల మాట.

చట్టంలో మన చోటు

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా వ్యర్థ జలాలు కాలవలోకి గానీ నేలమీదికి గానీ వదలకూడదు. ఆ అనుమతి పత్రంలో షరతులుంటాయి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని కింద ఆ పత్రం నకలు అడగవచ్చు. జల చట్టం 49వ సెక్షన్ ప్రకారం మామూలు పౌరురాలు కూడా 60 రోజుల నోటీసు ఇచ్చి కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. అలా చేసినవాళ్లు అడిగితే మండలి తన దగ్గరున్న రిపోర్టులు ఇవ్వాలి. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, శుద్ధి ప్లాంటు పనిచేయని పరిశ్రమలకి మూడు నెలల గడువిచ్చి, ఆ తర్వాత నడవనివ్వద్దని ఆదేశించింది. కాలుష్యం లేని నీరు, గాలి రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 1991లోనే చెప్పింది. చట్టాలు మనల్ని వాటంతటవే కాపాడవని మన అనుభవం. అయినా చేతిలో కాగితం ఉన్న ఆడమనిషిని గేటు దగ్గర నుంచి పంపించేయడం అంత సులువు కాదు.

చివరిగా, రేపటి నుంచి మనం చేయగలిగినవి, అడగవలసినవి కొన్ని చెబుతాను.

1. ప్రతి ప్లాంటు అనుమతి పత్రం, నీటి పరీక్షల ఫలితాలు తెలుగులో పంచాయతీ దగ్గర, షెడ్డు లోపల పెట్టాలి.

2. శుద్ధి ప్లాంటుకి విడిగా కరెంటు మీటరు, నీటి మీటరు ఉండాలి. ఆ రీడింగులు బయటపెట్టాలి. బ్లోయరు రాత్రి ఆపేశారో లేదో కరెంటు లెక్క చెబుతుంది.

3. తనిఖీకి అధికారులు వచ్చినప్పుడు ఊరి స్త్రీలు, కార్మిక స్త్రీలు ఇద్దరూ వెంట ఉండాలి. నమూనా వాళ్ల ఎదుట తీయాలి, అదీ లోడు నడిచే రోజున.

4. బురద ఎక్కడికి పోతోందో రాతపూర్వకంగా ఉండాలి.

5. రక్షణ ఏర్పాట్లు లేకుండా ఎవరినీ ట్యాంకులోకి దించకూడదు. కాంట్రాక్టరు మనిషైనా బాధ్యత యాజమాన్యానిదే.

6. నీళ్ల గురించి నోరు విప్పిన కార్మికురాలిని పనిలోంచి తీయకూడదు. శుద్ధి కోసం ప్లాంటు ఆపిన రోజులకి కూలి ఇవ్వాలి.

ఈ ఆరో కోరిక లేకుండా మిగతా అయిదూ నిలబడవని నా అభిప్రాయం. ఎందుకంటే ఏ వేళ ఏ మోటారు ఆగిందో, ఏ తూము తెరిచారో అందరికంటే ముందు తెలిసేది లోపల పనిచేసేవాళ్లకే. వాళ్ల కూలికి భద్రత ఉంటేనే వాళ్లు చెప్పగలరు. ఊరివాళ్లు కార్మికుల కూలి కోసం నిలబడాలి, కార్మికులు ఊరి నీళ్ల కోసం నిలబడాలి. మాటకి తేలికే, చేతకి కష్టం. అయినా వేరే దారి లేదు.

ఆ పెద్దావిడ ప్రశ్నని నేను తర్వాత నా ప్రశ్నల పట్టికలో మొదటగా చేర్చాను: "మీ చేతుల మీంచి పోయిన నీళ్లు ఎటు పోతున్నాయి?" మీరు కూడా మీ ఊళ్లకి వెళ్లి ముందు ఆ ఒక్క ప్రశ్నే అడగండి. షెడ్డు తూము దగ్గర మొదలెట్టి, ఆ నీటి వెంట నడవండి. ఒక్కరు కాదు, అక్కా చెల్లెళ్లు కలిసి నడవండి. ఎవరి వాకిట్లో ఆగుతుందో చూసి రాసుకోండి. మన పోరాటానికి మొదటి పత్రం అదే అవుతుంది.